సముద్రం వైపు జానెడు

రిటైరయ్యాక మనిషికి సలహాలు చెప్పే రోగం పట్టుకుంటుంది. నాకూ పట్టుకుంది. కొత్తగా బాస్కెట్‌బాల్ కోచింగులోకి వచ్చిన కుర్రకారు ఫోన్ చేసి, "మేడం, మా ప్లేయర్ బాగా అడ్డుకుంటంది గానీ పాయింట్లు తేవట్లేదండి, ఏం చెయ్యమంటారు?" అని అడిగితే చాలు, గంట సేపు వదలను. కాళ్లు సరిచేయండి, ఎడమచేత్తో కూడా వేయించండి, చేతిలో బంతి లేనప్పుడు కూడా కదలమనండి అంటాను. ఇవన్నీ నిజాలే, పుస్తకాల్లో కూడా ఉంటాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. ముప్ఫయ్యేళ్లు నేను తప్పు నేర్పాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెబితే పరువు పోతుందని. ఇప్పుడు పోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

బాపట్లలో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. మాది ఆరుబయట సిమెంటు కోర్టు. రెండో వైపు రింగు ఎప్పుడో వంగిపోయింది. మ్యాచ్‌లున్నప్పుడు దాన్ని ఎలాగోలా సరిచేసేవాళ్లం గానీ ప్రాక్టీసంతా ఒక్క రింగుకే. ఆ రింగుకి ఎదురుగా నిలబడితే సముద్రం కుడిచేతి వైపు. మధ్యాహ్నం మూడు దాటిందంటే సూర్యలంక మీదుగా గాలి లేస్తుంది. ఎండాకాలంలో ఆ గాలి ఊరికి ప్రాణం, నాకు మాత్రం శత్రువు. బంతి కాస్త ఎత్తుగా వేశామా, ఎడమకి కొట్టేస్తుంది.

అందుకని నేనొక చిట్కా కనిపెట్టాను. బంతిని ఎత్తుగా వేయొద్దు, పల్లంగా, గట్టిగా వేయాలి. రింగుకి సూటిగా కాదు, సముద్రం వైపు జానెడు జరిపి వేయాలి. మిగతాది గాలి చూసుకుంటుంది. "సముద్రం వైపు జానెడు!" అని నేను అరిస్తే బస్టాండు దాకా వినపడుతుందని అమ్మాయిలు నవ్వుకునేవాళ్లు.

చుట్టుపక్కల ఊళ్లలో అన్నీ ఆరుబయట కోర్టులే కాబట్టి మా అమ్మాయిలు బాగానే గెలిచేవాళ్లు. పెద్ద పోటీలకి, నాలుగు గోడల మధ్య ఆడే చోటికి వెళ్తే మాత్రం చేతులు పడిపోయేవి. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. భయం! ఊరు దాటితే మనవాళ్లకి గుండె జారిపోతుంది! ఎన్నిసార్లన్నానో ఆ మాట.

రేపల్లెలో నాలాగే ఆటలు నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. ఒకసారి ఏదో పోటీలో అందరి ముందూ, "మేడం గారూ, మీ పిల్లలు రింగుకి ఆడరండీ, సముద్రానికి ఆడతారు" అన్నారు. నేను దాన్ని వెటకారం కింద లెక్కేశాను. నా కోపం సంగతి మా వైపు అందరికీ తెలుసు. తొమ్మిదేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఇరవై ఏళ్ల కిందట కర్లపాలెం నుంచి ఒకమ్మాయి మా జట్టులో ఉండేది. నా చేతి కింద ఆడినవాళ్లందరిలోకీ మేలైన షాట్ ఆమెది. రాష్ట్రస్థాయి పోటీకి వెళ్లి, ఇండోర్ కోర్టులో ఒక్క పాయింటు కూడా తేలేకపోయింది. ఓడిపోయాం. బస్సు దగ్గర, జట్టంతా వింటుండగా, "గుండె లేనిదానివి ఆటకెందుకొచ్చావే?" అన్నాను. మర్నాటి నుంచి ఆమె గ్రౌండుకి రాలేదు. ఇప్పుడు కర్లపాలెం బస్టాపు దగ్గర జెరాక్సు కొట్టు నడుపుకుంటోంది. బాపట్ల నుంచి రేపల్లె వెళ్లే బస్సు అక్కడ ఆగితే నేను అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

సరే, అసలు కథ. నేను రిటైరైన మూడో ఏడు, మే నెల మధ్యలో, నా ఆఖరి బ్యాచి అమ్మాయి ఒకతె బ్యాగు భుజానేసుకుని ఇంటికొచ్చింది. ఇరవై రెండేళ్లు. చీరాల దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. ఎదుటి మనిషిని అడ్డుకోవడంలో రాక్షసి. ఆ బలంతోనే ఒక ప్రొఫెషనల్ జట్టు ఆమెని ఏడాది కోసం తీసుకుంది. ఆ ఏడాది అయిపోవచ్చింది.

"పది వారాలు టైమిచ్చారండి" అంది, మంచినీళ్లు కూడా తాగకుండా. "తర్వాత మూడు సెలక్షన్ మ్యాచ్‌లంట. అడ్డుకోడానికి నాకు ఇంకో ఇద్దరున్నారు, నువ్వు పాయింట్లు తెస్తేనే కాంట్రాక్టు అన్నారండి మా కోచ్ గారు."

"లేకపోతే?"

"చీరాలలో బట్టల కొట్లో చేరాలండి. నాన్న ఇక మగ్గం గుంటలో కూర్చోలేరు. నడుం పోయింది. కొట్టు ఓనరు గారు నాకోసం జులై నెలాఖరు దాకా చూస్తానన్నారు."

"పాయింట్లే కదా, నేను తెప్పిస్తా చూడు" అన్నాను. ఎంత ధీమా నాకు!

ఏడు వారాలు ఊపిరి సలపనివ్వలేదు. బంతి అందగానే ముందు రింగుని చూడడం, ఒక అడుగు ముందుకి పొడిచి ఎదుటివాడి కాళ్లు ఎటు కదిలాయో కనిపెట్టడం, వాడు వెనక్కి తగ్గితే షాట్, మీదకొస్తే పక్కనుంచి దూరిపోవడం. ఆమెకున్న పెద్ద జబ్బు ఏంటంటే, బంతి చేతికి రాగానే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ అందరూ "ఇచ్చెయ్, ఇచ్చెయ్" అంటే అలవాటైపోయింది. సాయంత్రం గాలి లేచాక షాట్లు. పల్లంగా, గట్టిగా, సముద్రం వైపు జానెడు. ఏడో వారానికి పదికి ఎనిమిది పడుతున్నాయి. నాకు మీసం లేదు గానీ, ఉంటే మెలేసేదాన్ని.

జులై మొదట్లో గుంటూరులో తెలిసినవాళ్లని బతిమాలి ఒక ఇండోర్ కోర్టు రెండు గంటలు తీసుకున్నాను. చెక్క నేల, గాజు బోర్డులు. అమ్మాయి వేసింది. తప్పింది. ఇంకోటి, ఇంకోటి. పన్నెండు వేస్తే ఒక్కటి పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మళ్లీ అదే భయం! ఎవరున్నారే ఇక్కడ, నేనూ ఆ వాచ్‌మనూ తప్ప? మమ్మల్ని చూసి భయమా?"

ఆమె బంతి చంకలో పెట్టుకుంది. నా ముందు అంతకు ముందెవరూ చేయని పని చేసింది. ఎదురు చెప్పింది.

"భయం కాదండి. పదకొండూ రింగుకి ముందు, కుడివైపే తగిలాయండి. భయపడితే తలోచోటా తగలాలి గదండీ?"

"నోరు..." అన్నాను. సగంలో ఆగిపోయింది మాట. రింగు వైపు చూశాను. కుడివైపు. సముద్రం వైపు. ఆ గదిలో గాలి లేదు, సముద్రమూ లేదు. జానెడు మాత్రం అలాగే ఉంది.

ముప్ఫయ్యేళ్లు ఒకేసారి నా నెత్తిమీద పడ్డట్టయింది. బెంచీ మీద కూర్చుండిపోయాను. ఇంకా మూడు వారాలు కూడా లేదు. గుంటూరు కోర్టు మర్నాటి నుంచి వాళ్ల కాలేజీ పోటీలకి ఇచ్చేశారు. తిరిగి మా కోర్టుకి తీసుకెళ్తే అదే గాలి, అదే జబ్బు.

ఏ మొహం పెట్టుకుని వెళ్లానో తెలియదు గానీ, తెల్లారేసరికి రేపల్లె బస్సెక్కాను. కర్లపాలెంలో బస్సు ఆగింది. ఆ రోజు అవతలి కిటికీలోంచి కూడా చూడలేక తల దించుకున్నాను.

మాస్టారు వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి కళ్లజోడు తీశారు.

"మాస్టారూ, మీరన్నది నిజమండి. మా పిల్లలు సముద్రానికే ఆడారు."

"తొమ్మిదేళ్లు పట్టిందా మేడం గారూ!" అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "ఎన్ని రోజులుంది?"

"పంతొమ్మిది. గాలి తగలని చోటు కావాలి. ఎత్తుండాలి. నాకు ఎక్కడా దొరకట్లేదండి."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి ఒక్క మాటన్నారు. "ఇది ఆషాఢం గదండీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే కల్యాణ మండపాలు ఖాళీ. ఆయన దగ్గర వాలీబాల్ నేర్చుకున్న రైతుబిడ్డ ఒకడు తెనాలిలో పెద్ద ఏసీ మండపం కట్టాడట. ఫోన్ చేస్తే వాడు "తాళాలిచ్చేస్తా మాస్టారూ, శ్రావణం మొదటి ముహూర్తానికి మాత్రం బుకింగుంది, దానికి ముందు రోజు పొద్దున పదింటికల్లా ఖాళీ చెయ్యాలండి" అన్నాడట. ఆ ముహూర్తం తర్వాత రెండు రోజులకే సెలక్షన్ మ్యాచ్‌లు.

మాస్టారు ఇనప స్టాండూ రింగూ చిన్న ట్రాలీలో వేయించుకొచ్చారు. అమ్మాయీ, వాళ్లమ్మా అంగలకుదురులో చుట్టాలింట్లో దిగారు. పొద్దున్నే బాపట్ల నుంచి నేనూ, రేపల్లె నుంచి ఆయనా రైళ్లలో వచ్చి తెనాలి స్టేషన్లో కలిసేవాళ్లం. మండపం వాచ్‌మన్ మర్యాద కొద్దీ మొదటి రోజు ఫ్యాన్లన్నీ వేశాడు. "ఆపవయ్యా బాబూ ఆ ఫ్యాన్లు!" అని కేకేశాను. ముప్ఫయ్యేళ్లు సముద్రపు గాలిలో షాట్లు వేయించినదాన్ని, ఫ్యాను గాలికి జడుసుకుంటున్నాను.

టైల్స్ మీద పరుగులు పెట్టించలేదు. కాలు జారితే అసలుకే మోసం. షాట్ ఒక్కటే పట్టుకున్నాం. రింగుకి దగ్గరగా, చిన్నపిల్లకి నేర్పినట్టు మొదట్నుంచీ. చేతికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా వదలదు. ఎత్తుగా వెయ్యమ్మా అంటే నాలుగు వేస్తుంది, ఐదోది మళ్లీ పల్లంగా పోతుంది. మూడు రోజులు పోయాయి. నాకు నిద్ర పట్టడం మానేసింది.

నాలుగో రోజు వాళ్లమ్మ మండపానికి వచ్చింది. ఒక మూల కూర్చుని పొద్దుటి నుంచి చూస్తోంది. మధ్యాహ్నం సంచీలోంచి ఎర్ర నూలు చిలప, అదే పోగుల చుట్ట, ఒకటి తీసింది.

"దీన్ని అడ్డంగా కడితే ఏమైద్దండీ? బంతి దాని పైనుంచి పోవాలని చెప్పండి."

స్తంభాలకి పూలదండలు వేలాడదీసే కొక్కేలున్నాయి. రింగుకి ముందు, రింగు కన్నా రెండు మూరల ఎత్తున పోగు లాగి కట్టాం. బంతి పల్లంగా పోతే పోగు తెగుతుంది. తెగగానే ఆమె కొసలు పట్టుకుని, రెప్పపాటులో ముడేసి, కర్రతో మళ్లీ కొక్కేనికి తగిలించేది. నేత నేసే చేతులు కదా, ఆ ముడి వేసినట్టే కనపడదు. మొదటి రోజు ఎన్ని ముడులేసిందో లెక్కపెట్టడం మానేశాం.

మర్నాడు వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి మొహమాటంగా నిలబడింది. "ఒక మాటండి. నాకు ఆట తెలీదు. కానీ కాలు ముందు తొక్కి, తర్వాత చెయ్యి లేచిన బంతికి పోగు తెగట్లేదండి. చెయ్యి తొందరపడ్డదానికే తెగుతంది. మగ్గం మీదా అంతేనండి."

ఇదివరకటి నేనైతే "మీరు ఆటలో వేలుపెట్టకండి" అని ఉండేదాన్ని. గుంటూరులో తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. నోరు మూసుకుని పది బంతులు చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అంతే కాదు, అమ్మాయి కుడిపాదం రింగు వైపు కాక, పక్కకి తిరిగి ఉంది. సముద్రం వైపు! నేల మీద ప్లాస్టరు ముక్క అంటించి పాదం సరిచేశాను. ఆ పూట మొదటిసారి బంతి నిలువునా లేచి, నెమ్మదిగా దిగి, రింగుని తాకకుండా పడింది. మేము నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం గానీ ఎవరం నోరెత్తలేదు, దిష్టి తగులుతుందన్నట్టు.

తర్వాత మాస్టారు బూజుకర్ర పట్టుకుని అమ్మాయికి అడ్డం నిలబడేవారు, ఆరడుగుల డిఫెండరు చెయ్యెత్తినట్టు. డెబ్బయ్యేళ్ల మనిషి పంచె ఎగ్గట్టి, "వెయ్యవే, నన్ను దాటి వెయ్యి!" అని కవ్వించేవారు. నేను నాకొక నియమం పెట్టుకున్నాను. ఆమె షాట్ వేసినా, పాస్ ఇచ్చినా, ముందు నేను చెప్పకూడదు. అడగాలి.

"ఇప్పుడెందుకు ఇచ్చేశావు?"

"ఏమోనండి. మీరు అరుస్తారేమోనని."

"అరవను. నీకేం కనపడింది?"

"మాస్టారు వెనక్కి తగ్గారండి. వెయ్యొచ్చు."

"మరి వెయ్యి."

ఆఖరి రోజు పొద్దున, పోగు తెగకుండా పది వరసగా వేస్తేనే ఇక్కణ్ణుంచి కదులుతానని ఆమె పట్టు పట్టింది. ఏడో బంతి పడేసరికి పూల డెకరేషన్ వాళ్లు నిచ్చెనలతో దిగారు. పది కావస్తోంది. 

"అమ్మా, ఆ కొక్కేలు మాకు కావాలండి" అన్నాడు మేస్త్రీ.

"ఇంకో మూడు బంతులు నాయనా" అంది వాళ్లమ్మ.

ఎనిమిది పడింది. తొమ్మిది పడింది. పదో బంతికి పోగు తెగింది. మళ్లీ మొదలెట్టడానికి టైము లేదు. మేస్త్రీ నిచ్చెన వేశాడు. ఆ అమ్మాయి తెగిన పోగు చేతికి చుట్టుకుని స్టేషన్ దాకా నడిచింది.

సెలక్షన్ మ్యాచ్‌లు నగరంలో, పెద్ద ఇండోర్ స్టేడియంలో. గ్యాలరీలో నేనూ, మాస్టారూ, వాళ్లమ్మా. మొదటి రెండు మ్యాచ్‌లు అటూ ఇటూ కాకుండా గడిచాయి. బాగా ఆడిందనడానికీ లేదు, చెడగొట్టిందనడానికీ లేదు. అంతా మూడోదాని మీద పడింది. అందులో మొదటి రెండు షాట్లు తప్పాయి. అంతే, పాత జబ్బు తిరగబెట్టింది. బంతి రాగానే పక్కవాళ్లకి ఇచ్చేయడం మొదలెట్టింది. వాళ్ల కోచ్ ఏదో రాసుకుంటున్నాడు.

మధ్యలో విరామమిచ్చినప్పుడు ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఏం చెయ్యమంటారు అన్నట్టు. అలవాటు కొద్దీ నేను లేవబోయాను. గొంతు దాకా వచ్చేసింది కేక. మాస్టారు నా చేతిలో వేరుశనక్కాయల పొట్లం కుక్కి, "నోట్లో వేసుకోండి మేడం గారూ" అన్నారు. గుప్పెడు పోసుకున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

నా దగ్గర్నుంచి ఏమీ రాదని ఆమెకి అర్థమైంది. తల దించుకుని, బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకుని కోర్టులోకి వెళ్లింది.

ఆ తర్వాత బంతి కోసం చూస్తూ నిలబడలేదు. బంతి లేకుండానే తిరిగింది. ఒకరి వెనక నుంచి ఇంకొకరి పక్కకి జారుకుంది. ఒకసారి డిఫెండరు ఒక్క అడుగు ఆలస్యమైంది. వేసింది, పడింది. మళ్లీ అలాగే. ఎడమచేత్తో ఒకటి. వాళ్లమ్మ ప్రతి షాట్‌కీ కుడికాలు నేలకేసి తొక్కుతోంది, తనే వేస్తున్నట్టు.

ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు వెనక ఉన్నారు. బంతి ఆమె చేతికొచ్చింది. పక్కన ఇంకో అమ్మాయి చెయ్యెత్తి అడుగుతోంది. ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. అడుగు పొడిచింది, ఎదుటామె వెనక్కి తగ్గింది. ముందు కాలు, తర్వాత చెయ్యి. బంతి నిలువునా లేచింది. రింగు వెనక అంచుకి తగిలి, ఎత్తుగా ఎగిరి, బయట పడింది. కూత వేశారు. ఓడిపోయారు.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఓడిపోయినందుకు కాదు. ఆ బంతి సూటిగా వెళ్లింది. పొడుగైందే గానీ, కుడికి వెంట్రుకవాసి కూడా పోలేదు. నా చేతి కింద పెరిగిన పిల్ల వేసిన తప్పు షాట్ అంత సూటిగా పోవడం నేను మొదటిసారి చూశాను.

కోచ్ ఆమెని గదిలోకి పిలిచాడు. బయట మేం ముగ్గురం నిలబడ్డాం. కూర్చోవడానికి కుర్చీలున్నాయి, ఎవరం కూర్చోలేదు. పావుగంట తర్వాత వచ్చింది. వాళ్లమ్మ అడగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడాదికి ఇచ్చారమ్మా" అంది.

"ఏమన్నాడే?" అన్నాను.

"ఆ ఆఖరి షాట్ ఎవరు వెయ్యమన్నారు అనడిగారండి. ఎవరూ అన్లేదండి, ఖాళీ కనపడింది, వేశాను అన్నాను. తప్పింది గదా అన్నారు. పొడుగైందండి, పక్కకి పోలేదు అన్నాను. నవ్వి సంతకం పెట్టమన్నారండి."

మాస్టారు మిగిలిన వేరుశనక్కాయలు నలుగురికీ పంచారు. 

మీరంతా అడిగే ప్రశ్నకి నా జవాబు ఇదే. కాళ్లూ చేతులూ మీరు నేర్పండి. వెయ్యాలా, ఇవ్వాలా అన్నది ఆటగత్తె తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే మన గొంతు తగ్గాలి. నాకు తగ్గేసరికి ఉద్యోగమే అయిపోయింది.

ఇంటికొచ్చిన మూడో రోజు రేపల్లె బస్సెక్కి కర్లపాలెంలో దిగాను. జెరాక్సు కొట్టులో ఆమె ఒక్కతే ఉంది. జుట్టు కాస్త నెరిసింది. నన్ను గుర్తుపట్టి గబుక్కున లేచి నిలబడింది, గ్రౌండులో నిలబడ్డట్టే.

"మేడం! మీరా అండీ! కూర్చోండి, టీ చెప్తాను."

"టీ తర్వాతమ్మా. నీకో మాట చెప్పిపోదామని వచ్చాను. ఆ రోజు నీ గుండెలో తప్పు లేదు. నేను నేర్పడంలో ఉంది. గాలి కోసం నేర్పిన షాట్ అది. గాలి లేని చోట..."

"నాకు తెలుసండి" అంది.

"ఎట్టా తెలుసు?"

ఆమె మెషీన్ మీద కాగితాలు సర్దుతూ, కోపం లేకుండానే చెప్పింది.

"ఆరు వేశానండి ఆ రోజు. ఆరూ రింగుకి కుడివైపే తగిలాయి. అప్పుడే మీకు చెబుదామని బస్సు దగ్గరకొచ్చాను. మీరు నోరుమూసుకుని ఎక్కమన్నారండి. ఎక్కాను."